పనిమీద వెళ్ళినవాడూ, డైరీ రాసినవాడూ

2020లో కరోనా వచ్చి ఇళ్ళ తలుపులు మూయించిన తర్వాత మన పత్రికలలో ఒక రకం రచన విపరీతంగా పెరిగింది. దాన్ని కొందరు డైరీ అన్నారు, కొందరు స్వగతం అన్నారు. పేరేదైనా సరుకు ఒకటే. పాలపాకెట్లు సబ్బునీళ్ళతో కడగటం, సాయంత్రం మేడమీద పచార్లు చెయ్యటం, ఏళ్ళ తరబడి ముట్టని పుస్తకాల దుమ్ము దులపటం, వీధి చివరి కొట్టుకు వెళ్ళి కూరగాయలు తెచ్చుకోవటం ఒక సాహసకృత్యంగా మారటం, ఆ సందులోనే ఒంటరితనాన్ని గురించీ, చావును గురించీ, కాలాన్ని గురించీ నాలుగు ఆలోచనలు.

ఈ రచనల మీద మనలో రెండు అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. ఒకటి మనవాళ్ళది. లక్షలాది కూలీలు రోడ్లమీద నడుస్తుండగా ఇంట్లో కూర్చుని కాఫీని గురించి రాసుకోవటం పెటీ బూర్జువా విలాసం, అది సాహిత్యమే కాదు, చర్చించనక్కర లేదు అంటారు. రెండోది ఎదుటివాళ్ళది. మహమ్మారి ముందు రాజూ పేదా ఒకటే, ఆ సమయంలో మనిషి తనలోకి తాను చూసుకుంటాడు, అక్కడ వర్గం ఉండదు, మనిషే ఉంటాడు అంటారు. రెండో మాటకు జవాబు చెప్పటం తేలిక. మొదటి మాటకు జవాబు చెప్పటమే కష్టం, ఎందుకంటే అది మన మాట. అందులో సగం నిజం ఉండటం వల్ల మిగతా సగాన్ని మనం పరీక్షించటం మానేశాం.

పాలపాకెట్టును గురించి రాయటం తప్పా? నా ఉద్దేశంలో కాదు. మహమ్మారి కాలంలో వర్గసంబంధం అన్నిటికన్న నగ్నంగా కనపడే చోటు చిల్లర పనే. ఉప్పు ఎవరు తెస్తారు, మందు ఎవరు తెస్తారు, ఎవరు తలుపు దగ్గర ఆగిపోతారు, ఎవరు లోపల ఉండి డబ్బు చాచిన చేతితో అందిస్తారు అన్న ప్రశ్నల్లోనే సంఘమంతా ఉన్నది. మన డైరీలు చిన్న విషయాలు రాసినందుకు నిందార్హం కావు. చిన్న విషయాన్ని సగం రాసి ఆపినందుకు నిందార్హం. పాకెట్టు గుమ్మందాకా వచ్చిన తర్వాత కథ మొదలయింది. గుమ్మందాకా ఎలా వచ్చిందో రాయలేదు.

ఈ సంగతి తేల్చుకోవాలంటే 2020ని కాసేపు పక్కనపెట్టి 1665 నాటి లండనుకు వెళ్ళటం మంచిది. ఆ ఏడు లండనులో ప్లేగు పడింది. లెక్కలకెక్కిన ప్లేగు చావులే 68,596. అసలు సంఖ్య లక్షదాకా ఉంటుందని చరిత్రకారుల అంచనా. ఆ ప్లేగును గురించి ఇంగ్లీషులో రెండు గొప్ప రచనలున్నాయి. ఒకటి శామ్యూల్ పీప్స్ అనే ఉద్యోగి రాసుకున్న డైరీ. రెండోది డేనియల్ డీఫో 1722లో రాసిన "ప్లేగు సంవత్సరపు దినచర్య". మొదటిది నిజమైన డైరీ; రెండోది డైరీ వేషం వేసుకున్న నవల. డీఫో ప్లేగునాటికి అయిదేళ్ళవాడు. 1720లో ఫ్రాన్సులోని మార్సేల్స్‌లో ప్లేగు పుట్టి, అది ఇంగ్లండుకు వస్తుందేమోనన్న భయం వ్యాపించినప్పుడు, అరవై ఏళ్ళ వయసులో పాత కాగితాలూ విన్న సంగతులూ కూర్చి రాశాడు.

పీప్స్ దర్జీ కొడుకు. నౌకాదళ బోర్డుకు కార్యదర్శి వంటి పదవిలో ఉన్నాడు. 1660 జనవరి 1న మొదలుపెట్టి 1669 మే 31 వరకూ షార్ట్‌హాండ్‌లో డైరీ రాశాడు. అది 1825 దాకా అచ్చుకాలేదు. మనిషి ఎటువంటివాడంటే, మనం మెచ్చుకోదగ్గ గుణం వెతికినా సులభంగా దొరకదు. డబ్బు పిచ్చి, దుస్తుల పిచ్చి, ఆడవాళ్ళ పిచ్చి, పైఅధికారుల దయకోసం పాకులాట. 1665 డిసెంబరు 31న ఆ ఏడాది లెక్క చూసుకుంటూ, తన ఆస్తి 1300 పౌన్ల నుంచి 4400 పౌన్లకు పెరిగిందని రాసుకున్నాడు. ఈ ప్లేగు రోజుల్లో బతికినంత ఉల్లాసంగా తానెన్నడూ బతకలేదని కూడా రాసుకున్నాడు. నగరంలో లక్షమంది పోయిన సంవత్సరం అది. డచ్చివాళ్ళతో యుద్ధం సాగుతున్నది, టాంజియర్ కోట ఖర్చుల కోశాధికారిత్వం చేతికొచ్చింది, నౌకలకు తిండి సరఫరా చేయించే పదవి వచ్చింది. యుద్ధమూ ప్లేగూ కలిసి అతనికి కలిసొచ్చాయి.

ఇటువంటివాడి డైరీని మన సూత్రం ప్రకారం అవతల పారెయ్యాలి. పారెయ్యబోయే ముందు 1665 సెప్టెంబరు 14నాటి పేజీ చదవాలని మనవి.

ఆ రోజు పీప్స్ వ్యాపారి ఖాతా రాసినట్టు రాశాడు. ఒకవైపు మంచి సంగతులు: తన డబ్బూ వెండిసామానూ భద్రంగా ఉన్నాయి, సముద్రం మీద శత్రువు ఓడలు చిక్కాయి, ఆ వారం చావుల సంఖ్య మొదటిసారి తగ్గింది. రెండోవైపు చెడ్డ సంగతులు. ఇక్కడినుంచి చూడండి. రోజూ తనను నదిమీద తీసుకువెళ్ళే పడవవాడు, రాత్రంతా తనను నీటిమీద తిప్పి తెల్లవారి ఒడ్డున దించీదించగానే జబ్బుపడి, ఇప్పుడు చనిపోయాడు. ఒక ఇంట్లో అంతా ఎలా ఉన్నారో కనుక్కురమ్మని మొన్ననే తాను డాగెన్‌హామ్ పంపిన కూలివాడు ప్లేగుతో పోయాడు. తనకు సేవ చేసే పేన్ ఒక బిడ్డను పాతిపెట్టి తానూ చావుబతుకుల్లో ఉన్నాడు. వరసగా ముగ్గురు. ముగ్గురూ పీప్స్ పనిమీద తిరిగినవాళ్ళే.

పీప్స్ ఇక్కడ సానుభూతి ఒలకబొయ్యలేదు. వర్గవ్యవస్థను గురించి ఒక్క ముక్క ఆలోచించలేదు. తన నష్టాల జాబితాలో వాళ్ళ చావులు వేసుకున్నాడు, అంతే. అయినా "నేను పంపిన" కూలివాడు అని రాశాడు. ఆ ఒక్క మాటతో కుశలప్రశ్నకూ చావుకూ సంబంధం పేజీ మీదికి వచ్చింది. కుశలం కనుక్కోవలసిన కోరిక ఒకరిది. నడిచిన కాళ్ళు వేరొకరివి. 2020లో మన డైరీ రచయితలలో ఎందరు ఈ మాత్రం రాశారు?

ఇటువంటి చోట్లు ఆ డైరీలో చాలా ఉన్నాయి. జూన్ 7న డ్రూరీ లేన్‌లో తలుపుల మీద ఎర్రసిలువ గుర్తులు చూసి భయపడి, వాసన చూడటానికీ నమలటానికీ పొగాకు కొనుక్కున్నాడు. జూన్ 17న అద్దెబండిలో పోతుండగా బండి నెమ్మదించి ఆగింది. తోలేవాడు కళ్ళు కనపడక కూలబడే స్థితిలో ఉన్నాడు. పీప్స్ దిగి వేరే బండి ఎక్కాడు. అతన్ని గురించీ తనను గురించీ బాధపడ్డానని నిజం చెప్పుకున్నాడు. తనకూ అంటిందేమోనన్న భయాన్ని దాచలేదు. సెప్టెంబరు 3న ఎంతోకాలం క్రితం కొనిపెట్టుకున్న కొత్త విగ్గు పెట్టుకున్నాడు. కొన్నప్పుడు వెస్ట్‌మిన్‌స్టర్‌లో ప్లేగు ఉన్నందున ఇంతదాకా పెట్టుకోవటానికి ధైర్యం చాలలేదట. ప్లేగుతో పోయినవాళ్ళ తలల నుంచి కోసిన జుట్టేమోనన్న భయంతో ఇకముందు ఎవరూ విగ్గులు కొనరేమో, మరి ఫ్యాషన్ ఏమవుతుందో అని ఆలోచించాడు. ఇది చదివి నవ్వొస్తుంది. కాని శవం తలమీది జుట్టు కూడా సరుకయి అంగడికి రాగలదన్న సంగతి ఆ మనిషికి ఎంత సహజంగా తోచిందో చూస్తే నవ్వు ఆగిపోతుంది.

అక్టోబరు 7నాటి పేజీ ఇంకొకటి. జీతాలు ముట్టని నావికులు తిండిలేక వీధుల్లో పడి ఉన్నారు. కార్యాలయం ముందు వాళ్ళ గుంపూ, ఏడుపూ చూసి పని సాగలేదు. మధ్యాహ్నం బయటికి వస్తే వందమంది వెంటపడ్డారు. కొందరు తిట్టారు, కొందరు వేడుకున్నారు. ఈ దృశ్యం తనను కలచివేసిందని రాశాడు. డిసెంబరు 31న 4400 పౌన్ల లెక్క రాసినవాడు కూడా ఇతనే. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివే పని పీప్స్ చెయ్యలేదు. అది పాఠకుడి పని, విమర్శకుడి పని.

1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్సు బాల్జాక్‌ను గురించి చెప్పిన మాట ఇక్కడ ఎవరికైనా గుర్తొస్తుంది. రచయిత అభిప్రాయాలు ఏమైనా, వాస్తవికత వాటిని దాటి గెలవగలదన్నాడు. పీప్స్‌కు ఆ మాట పూర్తిగా అతికించటానికి నేను సిద్ధంగా లేను. బాల్జాక్ సంఘాన్ని పాత్రలుగా మలిచిన కళాకారుడు. పీప్స్ కనపడింది కనపడినట్టు రాసుకున్నవాడు. పైగా అతను అబద్ధం ఆడకపోవటానికి కారణం నిజాయితీ అని కూడా చెప్పలేం. షార్ట్‌హాండ్‌లో తనకోసం రాసుకున్నాడు గనక ఎవరిముందూ మంచివాడుగా కనపడనక్కర లేకపోయింది. మన 2020 రచయితల చిక్కు ఇక్కడే ఉన్నది. వాళ్ళు ఏకాంతాన్ని గురించి పదిమందికి వినపడేటట్టు రాశారు. పాలపాకెట్టును కడిగినట్టే పేజీనీ కడిగారు. పనిమనిషిని రావద్దన్నప్పుడు ఆమెకు జీతం ఇచ్చారో లేదో, ఇవ్వకపోతే ఆమె ఏమన్నదో, ఆ రాత్రి తమకు నిద్ర పట్టిందో లేదో రాయలేదు. రాసినవాళ్ళు లేకపోలేదు, వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

డీఫో సంగతి వేరు. ఇతనికి చిల్లర పని అంటే ఏమిటో తెలుసు. కథ చెప్పేవాడు ఆల్డ్‌గేట్ దగ్గర ఉండే జీన్ల వ్యాపారి. (పీప్స్ డైరీలో కూడా ఒక జీన్ల వ్యాపారి వస్తాడు. పిల్లలందరూ ప్లేగుతో పోగా, భార్యతో సహా తాళంవేసిన ఇంట్లో చిక్కుకుని, మిగిలిన ఒక్క బిడ్డను బట్టలు విప్పి మిత్రుడి చేతికి అందించి బయటపడేసిన తండ్రి. ఆ బిడ్డను గ్రీన్‌విచ్‌లో ఉంచుకోవచ్చునని తీర్మానించిన సభలో పీప్స్ కూడా ఉన్నాడు. ఆ డైరీ 1825కు గాని అచ్చుకాలేదు గనక డీఫో దాన్ని చదివే అవకాశం లేదు. వృత్తి కలవటం యాదృచ్ఛికమే.) మాంసం కొట్టు దగ్గర కొనేవాళ్ళు కసాయి చేతినుంచి అందుకోకుండా తామే కొక్కేనికున్న ముక్క తీసుకునేవాళ్ళట. కసాయి డబ్బు ముట్టుకోకుండా వెనిగరు పోసిన కుండలో వెయ్యమనేవాడట. తిరిగి చిల్లర పుచ్చుకోనవసరం లేకుండా కొనేవాళ్ళు సరిపడా చిల్లర వెంట తెచ్చుకునేవాళ్ళట. 2020లో మనం చేసిందంతా ఇదే. వెనిగరుకు బదులు శానిటైజరు వచ్చింది, కుండకు బదులు ఫోను వచ్చింది.

డీఫో ఇక్కడ ఆగలేదు. పౌరుల ఇళ్ళలోకి జబ్బు ఎక్కువగా నౌకర్ల ద్వారా వచ్చిందని చెప్పాడు. ఇంతవరకూ చెబితే అది యజమానుల ఫిర్యాదు అయ్యేది. కాని అవసరమైన వస్తువులకోసం నౌకర్లను వీధులవెంట పంపక తప్పనిది యజమానులకేనని కూడా అక్కడే చెప్పాడు. ఇంకా ముందుకు వెళ్ళాడు. తన వ్యాపారి ఇంట్లో పిండి, వెన్న, జున్ను నిలవచేసి, రొట్టె కాల్చుకుని, బీరు కాచుకుని తలుపు వేసుకోగలిగాడు. పేదలు నిలవచేసుకోలేరు, ఏ రోజుకారోజు కొనుక్కోవలసిందే. ఆ అవసరం రోజూ కొత్తగా పుడుతుంది గనక, జబ్బు ఉన్నా లేకపోయినా రోజూ అంగడికి రావలసిందే. ఒక గృహస్థుడి సామాన్ల జాబితా రాస్తూ డీఫో, ఇంట్లో ఉండటమనేది పెట్టుబడి కావలసిన పని అని తేల్చాడు.

ఏయే వృత్తులు ఎలా ఆగిపోయాయో అతను వరసగా చెప్పిన భాగం అర్థశాస్త్రం ఉపాధ్యాయులు కూడా చదవదగ్గది. అలంకార వస్తువులు చేసే కార్మికులను యజమానులు పంపేశారు. ఓడలు రాకపోకలు మానేసరికి పడవవాళ్ళకూ, బండివాళ్ళకూ, మూటలు మోసేవాళ్ళకూ పని పోయింది. ఇళ్ళు కట్టటం ఆగి తాపీపనివాళ్ళూ వడ్రంగులూ వీధిన పడ్డారు. కుటుంబాలు ఊళ్ళు వదిలిపోతూ పనిపిల్లలను వదిలేశాయి. వీళ్ళకు మిగిలిన పనులేమిటి? రోగుల దగ్గర ఉండటం, మూసిన ఇళ్ళకు కాపలా కాయటం, శవాలు మొయ్యటం.

ఈ భాగంలోనే డీఫో హద్దు కూడా కనిపిస్తుంది. ఆగస్టు మధ్యనుంచి అక్టోబరు మధ్యవరకూ ఇటువంటి పేదలు ముప్పయి నలభైవేలమంది పోయారని చెప్పి, వాళ్ళు బతికి ఉంటే పోషించలేని భారమయ్యేవాళ్ళని కూడా అన్నాడు. దుఃఖకరమే అయినా అది నగరానికి ఒక విముక్తి అన్నాడు. అంతదాకా పడవవాడి గోడు విన్న మనిషే ఇక్కడికొచ్చేసరికి నగరపాలకుల ఖాతాపుస్తకం తెరిచాడు. పేదలు ఏ జాగ్రత్తా లేకుండా మొరటు ధైర్యంతో ప్రమాదకరమైన పనుల్లో దూరారని విసుక్కున్నాడు కూడా. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండు పేజీల ముందు అతనే చెప్పి ఉన్నాడు: వేరే పని లేక. సానుభూతి ఉన్న రచయిత దగ్గర కూడా కారణాన్నీ ఫలితాన్నీ కలిపి ఉంచే దృష్టి లేకపోతే ఏమవుతుందో దీనికన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ రెండు రచనలకూ ఆధారమైన ఒక సంగతి ఉన్నది. దాన్ని విమర్శకులు సాధారణంగా పట్టించుకోరు. పీప్స్ గురువారం గురువారం ఎదురుచూసిన చావుల పట్టికలు, డీఫో అరవై ఏళ్ళ తర్వాత ఎత్తి రాసుకున్న అంకెలు, అసలు ఎవరు కూర్చారు? పారిష్ గుమాస్తాలు అచ్చు వేయించారు. కాని ఇంటింటికీ వెళ్ళి శవాన్ని చూసి, ఇది ప్లేగు చావా కాదా అని చెప్పినవాళ్ళు ముసలి ఆడవాళ్ళు. పారిష్ దానం మీద బతికే నిరుపేదలు. శవానికింత అని కొద్ది పెన్నీల కూలి. వీధిలో నడిచేటప్పుడు అందరికీ కనపడేటట్టు మూడడుగుల ఎర్రకర్ర పట్టుకోవాలని 1665 నాటి ఉత్తరువు. జాన్ గ్రాంట్ 1662లో జనాభా లెక్కల శాస్త్రానికి పునాది వేసింది ఈ ముసలమ్మలు తెచ్చిన వార్తల మీదనే. వాళ్ళకు తెలివిలేదనీ లంచం పుచ్చుకుంటారనీ అప్పటి పెద్దలు ఈసడించారు. ఆగస్టు 31న పీప్స్ ఆ వారపు పట్టిక చూసి 7,496 చావుల్లో 6,102 ప్లేగువని రాసుకున్నాడు. అసలు సంఖ్య పదివేలకు దగ్గరగా ఉంటుందనీ, పేదలు మరీ ఎక్కువమంది పోతున్నందువల్ల లెక్కకు అందటం లేదనీ కూడా రాశాడు. లెక్కపెట్టినవాళ్ళూ పేదలే, లెక్కకు రానివాళ్ళూ పేదలే. పట్టిక చదువుకుని ఆలోచనలో పడ్డవాడి డైరీ మనకు మిగిలింది.

మూసిన ఇళ్ళ కాపలావాళ్ళ సంగతీ ఇంతే. పగలొకడు, రాత్రొకడు గుమ్మం ముందు ఉండాలి. లోపలివాళ్ళకు కావలసినవి తెచ్చిపెట్టాలి. పనిమీద వెళ్ళవలసివస్తే బయట తాళం వేసి తాళంచెవి వెంట తీసుకుపోవాలని నిబంధన. జైలరూ వాడే, నౌకరూ వాడే. లోపలివాళ్ళు అతన్ని ద్వేషించారు, అతనిమీదే ఆధారపడ్డారు. డీఫో ఈ సంబంధంలోని విరుద్ధతను బాగా పట్టుకున్నాడు. కాపలావాళ్ళను మందు కొట్టుకు పంపి ఈలోగా పారిపోయిన కుటుంబాల కథలు చెప్పాడు.

ఇక మన కాలానికి వద్దాం. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రకటించగా నాలుగు గంటల్లో దేశం మూతపడింది. మే 1న మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1200 మంది కార్మికులతో మొదటి శ్రామిక రైలు బయల్దేరేసరికి అయిదు వారాలు దాటాయి. మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కార్మికులను గూడ్సు బండి చంపింది. పట్టాల మీద వాళ్ళ రొట్టెలు చెదిరి పడ్డాయి. ఈ సంగతుల మీద మనకు కవితలు బోలెడు వచ్చాయి, మంచివీ వచ్చాయి. కాని నడక కవిత్వానికి పోయింది, పాలపాకెట్టు డైరీకి పోయింది. పనిమీద పంపినవాణ్ణీ, పనికి వెళ్ళినవాణ్ణీ ఒకే పేజీ మీదికి తెచ్చిన వచనం తక్కువ. మనవాళ్ళు డైరీ ప్రక్రియనే తృణీకరించటం వల్ల ఈ విభజనకు మనమూ కొంత సాయపడ్డాం అంటాను.

చైనా రచయిత్రి ఫాంగ్ ఫాంగ్ సంగతి చెప్పకుండా ఈ చర్చ ముగించలేం. 2020 జనవరి 23న ఊహాన్ నగరం మూసేశారు. ఆమె 25 నుంచి మార్చి 24 దాకా 60 దినాల డైరీ రోజుకొకటి చొప్పున ప్రజల ముందు పెట్టింది. 1978లో విశ్వవిద్యాలయంలో చేరకముందు నాలుగేళ్ళు మూటలు మోసే పని చేసిన మనిషి. ఊహాన్ పేదల వాడను 1987లోనే నవలికగా రాసింది. ఆమె డైరీలో కూరగాయలూ ఉన్నాయి, ఇరుగుపొరుగూ ఉన్నారు, ఫోనులో విన్న చావులూ ఉన్నాయి. వాటితోపాటు దీనికి జవాబుదారీ ఎవరన్న ప్రశ్న మళ్ళీ మళ్ళీ ఉన్నది. ఇంగ్లీషు అనువాదం వస్తున్నదని తెలియగానే అమెరికా చేతికి కత్తి అందించిందని ఆమెపై దాడి జరిగింది. దాడి చేసినవాళ్ళు వామపక్షం పేరుతోనే చేశారు. సామ్రాజ్యవాదులు దేన్నయినా వాడుకోచూస్తారు, నిజమే. అందుకని ఆసుపత్రిలో మంచం దొరకనివాడి సంగతి రాయకూడదని వాదిస్తే, ఆ మంచం దొరకనివాడు ఏ వర్గంవాడో ఆ విమర్శకులు చెప్పాలి. ఆమె విన్న వార్తల్లో కొన్ని సరిచూసుకోకుండా రాసిందన్న విమర్శను నేను తోసిపుచ్చను. అది వేరే సంగతి, దాన్ని దాని స్థాయిలోనే చర్చించాలి.

తరగతిలో ఈ విషయం చెప్పే ఉపాధ్యాయులు డీఫో పుస్తకంలో పడవవాడి ఘట్టంతో మొదలుపెడితే బాగుంటుందని నా సూచన. జీన్ల వ్యాపారి ఒకరోజు నది ఒడ్డుకు వెళతాడు. రాబర్ట్ అనే పడవవాడు ఒంటరిగా తిరుగుతుంటాడు. అతని భార్యా, ఇద్దరు బిడ్డలూ దగ్గరలోనే జబ్బుతో ఉన్న ఇంట్లో ఉన్నారు. నదిమీద లంగరు వేసిన ఓడల్లో తలదాచుకున్న సంపన్న కుటుంబాలకు అతను అవతలి ఒడ్డు పల్లెలనుంచి కోళ్ళూ, గుడ్లూ, వెన్నా తెచ్చి ఇస్తాడు. రాత్రి పడవలోనే పడుకుంటాడు. సంపాదించింది తెచ్చి ఇంటికి కొంచెం దూరంలో ఒక రాతిమీద పెట్టి, వెనక్కి జరిగి, భార్యను కేకవేస్తాడు. ఆమె వచ్చి తీసుకుంటుంది. వ్యాపారి దూరంగా నిలబడి అడుగుతాడు: ఎక్కడ పడుకుంటావు, ఎవరికి తెస్తావు, ఓడలోవాళ్ళ దగ్గరికి ఎంతవరకు వెళతావు, నీకు ఎంత ముడుతుంది, నీ వాళ్ళ దగ్గరికి ఎందుకు వెళ్ళవు. పడవవాడు ఒక్కొక్కదానికే జవాబు చెబుతాడు.